విజయవాడ రోడ్డు మీద నల్ల తెర

హైదరాబాద్ కంప్యూటర్ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా పడమటి వైపు నుంచే మొదలుపెడతారు. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించడం, మాదాపూర్ గుట్టల మధ్య అద్దాల మేడలు లేవడం, ఆ వెనుక గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ. కథ అలా సాగిపోతుంది. ఆ మేడల్లో రాత్రి షిఫ్టుల్లో కూర్చుని అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న రూటర్లను, స్విచ్‌లను సరిచేసే మనుషులు ఎక్కడ తయారయ్యారని అడిగితే మాత్రం నగరం రెండో కొసకు రావాలి. మూసారంబాగ్ దాటి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా సాగే విజయవాడ రోడ్డు మీదికి రావాలి. కోచింగ్ సెంటర్ల పేరు చెబితే ముందు అమీర్‌పేటే గుర్తొస్తుందన్నది నిజమే. కానీ అమీర్‌పేటలో చదివినవాళ్లలో కూడా ఎందరో రాత్రికి తిరిగొచ్చి పడుకున్నది ఈ తూర్పు హాస్టళ్లలోనే.

ఈ పేటకు నెట్‌వర్కింగ్ ఎందుకు అబ్బిందన్నదానికి నాకు తోచే జవాబు కొంచెం తలకిందులుగా ఉంటుంది. పరికరాలు ఇక్కడ లేకపోవడమే కలిసొచ్చింది. రూటర్‌ను దూరం నుంచి నడపడానికి బొమ్మలు అక్కర్లేదు, రంగులు అక్కర్లేదు. నల్ల తెర మీద వచ్చిపోయే అక్షరాలు చాలు. అక్షరాలకు లైను సన్నగా ఉన్నా సరిపోతుంది. లైన్లు సన్నగానూ పరికరాలు అరుదుగానూ ఉన్న రోజుల్లో, చేతికి అందగలిగిన కంప్యూటర్ పనుల్లో ఇది ఒకటి. అంత సన్నని లైనుకు సరిపోయేలా ఈ పనిముట్టును తయారుచేసినవాళ్లకు హైదరాబాద్ సంగతి తెలియదు. వాళ్ల ఇబ్బందులు వాళ్లవి.

1940 సెప్టెంబరు 11న అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో గణితవేత్తలు సమావేశమయ్యారు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన జార్జ్ స్టిబిట్జ్ అక్కడికి తన లెక్కల యంత్రాన్ని మోసుకురాలేదు. అది న్యూయార్క్‌లోనే ఉంది. ఆయన పెట్టింది ఒక టెలిటైప్. దాని మీద సంకీర్ణ సంఖ్యల లెక్క టైపు చేస్తే తీగ మీద న్యూయార్క్ వెళ్లేది, జవాబు అదే టెలిటైప్ మీద అచ్చయి వచ్చేది. మనిషి ఒక ఊళ్లో, యంత్రం మరో ఊళ్లో, మధ్య అక్షరాలు మాత్రమే. ఆ తర్వాత ఎన్ని మార్పులు వచ్చినా అమరిక ఇదే. 1963లో వచ్చిన మోడల్ 33 టెలిటైప్ సెకనుకు పది అక్షరాలు కొట్టేది. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌లో కాగితానికి బదులు గాజు తెర ఉండేది. అడ్డంగా 80 అక్షరాలు, నిలువుగా 24 వరసలు. ఇవాళ లాప్‌టాప్‌లో తెరిచే నల్ల కిటికీ కొలతలు చాలాచోట్ల ఇప్పటికీ ఇవే.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. 80ని 24తో గుణిస్తే నిండు తెరకు 1,920 అక్షరాలు. టెలిటైప్ వేగంతో అది నిండడానికి మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది. సిస్కో రూటర్ కన్సోల్ పోర్టుకు తయారీలోనే పెట్టే వేగం 9,600 బాడ్, అంటే సెకనుకు 960 అక్షరాలు. తెర రెండు సెకన్లలో నిండుతుంది. మనిషి కన్ను అంతకంటే వేగంగా చదవలేదు. కాబట్టి లైను వేగం పెరిగినా ఈ పనికి ఒరిగేదేమీ లేకపోయింది.

ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్ మొదలైన 1969లోనే దూరపు యంత్రంలోకి ప్రవేశించే పద్ధతికి టెల్నెట్ అని పేరు పెట్టి రాసుకున్నారు. ఆ సంవత్సరం సెప్టెంబరు నాటి పదిహేనో ఆర్‌ఎఫ్‌సీ (నెట్‌వర్క్ ఒప్పందాలు రాసుకునే పత్రం) దాని గురించే. పద్నాలుగేళ్ల తర్వాత, 1983 మేలో, జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ 854వ ఆర్‌ఎఫ్‌సీలో దానికి స్థిరమైన రూపమిచ్చారు. ఏ కంపెనీ టెర్మినల్ అయినా ఏ కంపెనీ యంత్రంతోనైనా మాట్లాడేందుకు మధ్యలో ఒక ఊహాత్మక టెర్మినల్‌ను ఒప్పందంగా పెట్టుకోవడం అందులోని కీలకం. దానికి 23వ పోర్టు దక్కింది. 1984 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లెన్ బోసాక్, శాండీ లెర్నర్ సిస్కో స్థాపించేసరికి, పరికరాన్ని దూరం నుంచి నడపాలంటే టెల్నెట్టే అన్నది చర్చ అక్కర్లేని సంగతి అయిపోయింది.

ఇక్కడి సంగతికి వద్దాం. ఎల్‌బీ నగర్ నుంచి ఉప్పల్ మీదుగా ఉత్తరానికి వెళ్తే కుషాయిగూడలో ఈసీఐఎల్ వస్తుంది. 1967లో ఎ.ఎస్. రావు నాయకత్వంలో మొదలైన ఆ సంస్థే టీడీసీ కంప్యూటర్లను తయారుచేసింది. అంటే తూర్పు హైదరాబాద్‌కు కంప్యూటర్ కొత్త కాదు. కానీ అది ప్రభుత్వ ప్రాంగణం లోపలి వ్యవహారం. గేటు బయట ఉన్న జనం దూరపు టెర్మినల్‌ను మొదట చూసింది బహుశా రైల్వే రిజర్వేషన్ కౌంటర్‌లో అయి ఉంటుంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులతో పాటు ఆ వ్యవస్థకున్న అయిదు కేంద్రాల్లో సికింద్రాబాద్ ఒకటి. గుమాస్తా ముందున్న తెరలో సొంత తెలివి లేదు. తెలివంతా మరెక్కడో ఉన్న పెద్ద యంత్రంలో ఉంటుంది. "సర్వర్ డౌన్" అన్న మాట తెలుగువాళ్ల నోట్లో నానడం ఇలాంటి క్యూల్లోనే మొదలై ఉండవచ్చు.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు విద్యార్థుల కోసం పెట్టిన చవక రకం కనెక్షన్‌ను షెల్ అకౌంట్ అనేవారు. మోడెమ్‌తో ఫోను కలిపితే దూరంలోని యూనిక్స్ యంత్రంలో ఒక టెర్మినల్ తెరుచుకునేది. మెయిల్ చదవడమైనా, పేజీ చూడడమైనా అందులోనే, అక్షరాల్లోనే. మన కంప్యూటర్ నిజానికి ఇంటర్నెట్‌లో ఉండేది కాదు, ఇంటర్నెట్‌లో ఉన్న మరో కంప్యూటర్‌కు కిటికీగా ఉండేది. మొదట్లో ఆ డయలప్ వేగం 9.6 కిలోబిట్లు. రూటర్ కన్సోల్ వేగమూ అంతే కావడం కాకతాళీయం కాదు. ఆనాటి మోడెమ్‌లూ టెర్మినళ్లూ ఒకే సీరియల్ పోర్టు సంప్రదాయంలో పెరిగినవి.

1998లో మూడు సంగతులు కలిశాయి. సిస్కో సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష పెట్టింది. కేంద్రం ఇంటర్నెట్ సేవల్లోకి ప్రైవేటు కంపెనీలను అనుమతించింది. సైబర్ టవర్స్ తెరిచారు. ఆ ఏడాది నవంబరులోనే రిజిస్ట్రేషన్ల శాఖలో కార్డ్ అనే కంప్యూటరీకరణ పథకం మొదలైంది. మరుసటి ఏడాది సచివాలయాన్ని జిల్లాలతో కలిపే ఆప్‌స్వాన్, జంటనగరాల్లో బిల్లులు ఒకేచోట కట్టించుకునే ట్విన్స్ వచ్చాయి. 2001 ఆగస్టులో ట్విన్స్ ఈసేవ అయింది. ప్రతి కౌంటర్ వెనుకా ఒక లైను, లైనుకు రెండు కొసలా రెండు పరికరాలు, వాటిని చూసుకునే మనిషి. ప్రోగ్రాములు రాసేవాళ్ల గురించి పత్రికలు బోలెడు రాశాయి. ఈ చివరి మనిషి గురించి రాసింది తక్కువ.

అతను ఎక్కువగా వచ్చింది విజయవాడ బస్సులో, లేదా సాగర్ రోడ్డు బస్సులో. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చే బస్సులకు ఎల్‌బీ నగర్ నగరపు గుమ్మం. దిగిన చోటికి దగ్గరగా, అద్దె తక్కువగా, మెస్ అందుబాటులో ఉండే పేట దిల్‌సుఖ్‌నగర్. మలక్‌పేట ప్రాంతపు జాగీర్దారు దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ పేరు మీద వెలిసిన ఈ పేటలో అప్పటికే గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల శిక్షణ నడుస్తోంది. సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం వైపు ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టుకొచ్చేసరికి, నాలుగో ఏడు చదివే కుర్రాళ్లకూ ఇదే కూడలి అయింది. లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్‌బీ నగర్ అప్పట్లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో లేదు, విడి మునిసిపాలిటీ. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. ఊరిబయట అద్దె, ఊరిలో పని అన్న లెక్క ఆ కార్పొరేషన్ హద్దు వల్లనే కుదిరింది.

నెట్‌వర్కింగ్ నేర్పే గదికి పెట్టుబడి, జావా నేర్పే గదికి పెట్టుబడి ఒకటి కాదు. జావాకు కంప్యూటర్లు చాలు. నెట్‌వర్కింగ్‌కు పరికరాలు పేర్చిన రాక్ కావాలి. ఆ కాలపు రాక్ అంటే సిస్కో 2500 శ్రేణి రూటర్లు. విదేశాల్లో ఆఫీసులు తీసిపారేసినవి సెకండ్‌హ్యాండ్‌లో దొరికేవి. 2501 రూటర్‌కు ఒక ఈథర్నెట్, రెండు సీరియల్ పోర్టులు. ఆ ఈథర్నెట్ కూడా ఇప్పటి జాక్ కాదు, ఏయూఐ అనే పదిహేను పిన్నుల పోర్టు. దానికి ట్రాన్సీవర్ అనే చిన్న డబ్బీ తగిలిస్తే తప్ప మామూలు కేబుల్ పట్టదు. రెండు రూటర్ల సీరియల్ పోర్టులను ఒక మీటరు కేబుల్‌తో కలిపేవారు. ఆ మీటరే హైదరాబాద్ నుంచి షికాగోకు లీజ్డ్ లైన్ అనుకోవాలి. అసలు లైనులో టెలికం కంపెనీ ఇచ్చే గడియారపు సంకేతాన్ని ఇక్కడ ఒక రూటరే ఇవ్వాలి, అందుకే కేబుల్ డీసీఈ కొస తగిలిన వైపు క్లాక్ రేట్ 64000 అని కొట్టాలి. ఏ వైపు డీసీఈ ఉందో కేబుల్ మీది అక్షరాలు చెరిగిపోతే షో కంట్రోలర్స్ కమాండ్‌తో తెలుసుకోవాలి. క్లాక్ రేట్ మరిస్తే ఇంటర్‌ఫేస్ అప్, లైన్ ప్రోటోకాల్ డౌన్. ఆ రెండు ముక్కల అర్థం ఏమిటన్నది చాలా ఇంటర్వ్యూల్లో మొదటి ప్రశ్నగా మిగిలిపోయింది.

పాతికమంది ఉన్న బ్యాచ్‌కు నాలుగైదు రూటర్లు. అందరూ ఒకేసారి కన్సోల్ కేబుల్ పట్టుకోలేరు. లేత నీలం రంగులో బద్దలా ఉండే ఆ రోల్‌ఓవర్ కేబుల్ ఒక రూటర్‌కు ఒకటే. ఇక్కడే 2511 అనే పెట్టె ఉపయోగపడింది. దానికి పదహారు సీరియల్ లైన్లు. వెనుక నుంచి ఒక్కొక్క దానిలో ఎనిమిదేసి తోకలున్న రెండు ఆక్టల్ కేబుళ్లు వచ్చి మిగిలిన రూటర్ల కన్సోళ్లలోకి వెళ్తాయి. విద్యార్థి తన కంప్యూటర్ నుంచి 2511లోకి టెల్నెట్ చేసి, 2001 పోర్టు అంటే మొదటి రూటర్, 2002 అంటే రెండోది, ఇలా ఎక్కడికి కావాలంటే అక్కడికి దూకుతాడు. కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కి వదిలి ఎక్స్ కొడితే వెనక్కి వస్తాడు. రూటర్ పక్క గదిలో ఉందా, పక్క దేశంలో ఉందా అన్నది అతనికి ఇక పట్టదు. రాక్ కొనలేని చిన్న సెంటర్లు కూడా వేరేచోట ఉన్న రాక్‌లో గంటలు అద్దెకు తీసుకోవచ్చన్న ఆలోచనకు ఇదే ఆధారం. పరికరాల కొరత వల్ల విద్యార్థి మొదటి రోజు నుంచీ దూరం నుంచే పనిచేయడం నేర్చుకున్నాడు. అమెరికాలో ఇదే కోర్సు చదివిన కుర్రాడు ఒకవేళ పెట్టెను ఒళ్లో పెట్టుకుని నేర్చుకుని ఉంటే, ఉద్యోగానికి అవసరమైన అలవాటు మాత్రం ఇతనికే ముందు అబ్బింది.

దగ్గరకూ దూరానికీ ఉన్న తేడాను రూటర్ తనంతట తానే నేర్పుతుంది. కొత్త పెట్టెకు కన్సోల్ కేబుల్ తగిలించి ఎంటర్ కొడితే పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిస్తుంది. అదే పెట్టెలోకి టెల్నెట్ చేస్తే, పాస్‌వర్డ్ కావాలి, కానీ పెట్టలేదు అని చెప్పి తలుపు మూసేస్తుంది. ఎదుట నిలబడ్డవాణ్ని నమ్ముతుంది, దూరం నుంచి వచ్చినవాణ్ని నమ్మదు. దూరపు లైన్లకు మామూలుగా సున్నా నుంచి నాలుగు దాకా అయిదు స్థానాలే ఉండేవి. ఆరోవాడికి చోటు లేదు. ల్యాబ్‌లో ఎవడో లాగౌట్ చేయకుండా టీకి పోతే మిగిలినవాళ్లు బయటే ఉండిపోయేవారు. "ఎవడ్రా లైన్ పట్టుకుంది?" అన్న కేక లేని ల్యాబ్ ఉండేది కాదు.

ఎదుట నిలబడ్డవాడి అధికారం ఎంతదో పాస్‌వర్డ్ రికవరీ పాఠంలో తెలుస్తుంది. విద్యార్థులు ఎగబడి చూసే పాఠం కూడా ఇదే. రూటర్ స్విచ్ కట్టి మళ్లీ వేస్తారు. మొదటి నిమిషం లోపే హైపర్‌టెర్మినల్ అనే విండోస్ ప్రోగ్రామ్‌లో కంట్రోల్ బ్రేక్ నొక్కుతారు. రూటర్ తన మామూలు సాఫ్ట్‌వేర్‌లోకి పోకుండా రామ్‌మాన్ అనే చిన్న లోకంలో ఆగిపోతుంది. అక్కడ కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌ను 2102 నుంచి 2142కు మారుస్తారు. ఒక్క అంకె తేడా. దాని అర్థం, లేచేటప్పుడు దాచిన కాన్ఫిగరేషన్ చదవవద్దు అని. రూటర్ తన పేరు కూడా మరచిపోయి లేస్తుంది. ఎనేబుల్ కొడితే పాస్‌వర్డ్ అడగదు. అప్పుడు దాచిన కాన్ఫిగరేషన్‌ను చేతులారా నడుస్తున్నదానిలోకి కాపీ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, రిజిస్టర్‌ను మళ్లీ 2102కు తెచ్చి దాచాలి. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుని చప్పట్లు కొడతారు. కానీ ఇంటర్‌ఫేస్‌లన్నీ షట్‌డౌన్‌లో ఉండిపోతాయి. ఒక్కొక్కదానికీ నో షట్‌డౌన్ కొట్టాలి. మరచినవాడి రూటర్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది, నెట్‌వర్క్ ఉండదు.

రాక్‌ల కాలం ఎక్కువ రోజులు సాగలేదు. 2005లో క్రిస్టొఫ్ ఫియో అనే ఫ్రెంచి ఇంజనీరు డైనమిప్స్ రాశాడు. మామూలు పీసీ లోపల సిస్కో 7200 రూటర్‌ను నటింపజేసే ప్రోగ్రామ్ అది. రెండు మూడేళ్లలో జెరెమీ గ్రాస్‌మాన్ దాని మీద జీఎన్ఎస్3 కట్టాడు. నటించే రూటర్ ఖాళీగా ఉన్నా ప్రాసెసర్‌ను నూటికి నూరు పాళ్లు తినేసేది. ఐడిల్ పీసీ అనే ఒక విలువ సరిగ్గా వెతికి పెడితే తప్ప రెండో రూటర్ లేచేది కాదు. ఆ విలువలను నోట్‌బుక్‌లో రాసుకుని పంచుకున్న తరం ఒకటుంది. అదే 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. హాస్టల్ గదిలో పాత కంప్యూటర్ ఉన్నవాడికి రాక్ అక్కర లేకుండా పోయింది. ఇన్‌స్టిట్యూట్ల ఫ్లెక్సీల మీద మాత్రం "24 గంటల ల్యాబ్, అసలు పరికరాల మీద" అన్న హామీ చాలాకాలం చెక్కుచెదరలేదు. అదే ఫ్లెక్సీల నీడలో, చేయని ఉద్యోగానికి మూడేళ్ల అనుభవం రాసిపెట్టే దుకాణాలూ నడిచాయి. వాటి దెబ్బ నిజంగా నేర్చుకున్న ఫ్రెషర్ల మీదే పడింది. అనుభవం అబద్ధమైతే టెర్మినల్ ముందు పది నిమిషాల్లో తేలిపోతుందన్నది వేరే సంగతి. చేతివేళ్లు నోటికంటే ముందు నిజం చెప్పేస్తాయి.

టెల్నెట్‌కు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. అందులో పాస్‌వర్డ్ కూడా మామూలు అక్షరాల్లాగే తీగ మీద పోతుంది. దారిలో ఎవరు చెవి పెట్టినా వినబడుతుంది. ఒకరినొకరు ఎరిగిన కొద్దిపాటి విశ్వవిద్యాలయాల మధ్య అది పెద్ద సమస్య కాలేదు. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు పట్టే ప్రోగ్రామ్ పెట్టారు. అక్కడి పరిశోధకుడు టాటు యిలోనెన్ కొన్ని నెలల్లో దానికి విరుగుడు రాశాడు. అదే ఎస్ఎస్‌హెచ్. ఫైళ్ల బదిలీకి 21, టెల్నెట్‌కు 23 ఉన్నాయి, మధ్యలో 22 ఖాళీ. ఆ అంకె ఇమ్మని అడిగితే ఇచ్చేశారు. 1999 చివర్లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు దీని స్వేచ్ఛా రూపం ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌ను తెచ్చారు. విండోస్ వాడేవాళ్లకు సైమన్ టాతమ్ అనే ఇంగ్లీషు ప్రోగ్రామర్ రాసిన పుట్టీ దొరికింది. ఒకే చిన్న ఫైలు, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సెంటర్ నుంచి సెంటర్‌కు తిరగడానికి ఇంతకంటే అనువైనది లేదు. విస్టా నుంచి మైక్రోసాఫ్ట్ హైపర్‌టెర్మినల్‌ను తీసేశాక కన్సోల్ పనికి కూడా పుట్టీయే దిక్కయింది.

దిల్‌సుఖ్‌నగర్ ల్యాబుల్లో ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది, దానికి కారణం బద్ధకం కాదు. ఎస్ఎస్‌హెచ్ రావాలంటే రూటర్ సాఫ్ట్‌వేర్‌లో గుప్తలేఖనం ఉండాలి. అలాంటి ఇమేజ్ పేరులో కే9 అని ఉంటుంది. దానికి మెమరీ ఎక్కువ కావాలి, పాత పెట్టెల్లో అంత ఉండేది కాదు. పైగా బలమైన గుప్తలేఖనం ఎగుమతి మీద అమెరికాకు ఆంక్షలుండేవి, 2000 జనవరిలో గానీ అవి సడలలేదు. కాబట్టి పుస్తకంలో ఎస్ఎస్‌హెచ్ పెట్టమని రాసి ఉన్నా చేతికి అలవాటైంది టెల్నెట్టే. హోస్ట్‌నేమ్ మార్చి, డొమైన్ పేరు పెట్టి, ఆర్‌ఎస్ఏ తాళంచెవులు పుట్టించి, దూరపు లైన్లలో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్ఎస్‌హెచ్ అని కొట్టడం తర్వాతి బ్యాచ్‌ల పాఠం. తాళంచెవి 768 బిట్లకు తక్కువైతే రెండో వెర్షన్ పనిచేయదు. అడిగినప్పుడు అలవాటుగా 512 వదిలేసి తలపట్టుకోవడం ఆ పాఠంలో మామూలు మలుపు.

టెల్నెట్ ఆ తరువాత కూడా చావలేదు. 2016లో మిరాయ్ అనే పురుగు ఇళ్లలోని కెమెరాలు, చిన్న రూటర్లలోకి టెల్నెట్ తలుపు గుండానే దూరింది. దాని దగ్గర ఉన్నవల్లా తయారీదారులు పెట్టి మార్చకుండా వదిలేసిన అరవై పైచిలుకు పేరు, పాస్‌వర్డ్ జతలు. ఆ అక్టోబరు 21న డైన్ అనే కంపెనీ మీద పడ్డ దాడిలో ఎన్నో పెద్ద సైట్లు అందకుండా పోయాయి.

ఉద్యోగం దొరికినవాడి దినచర్య మీద చరిత్రకారులు దృష్టి పెట్టాలి. నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో పని షిఫ్టుల్లో సాగుతుంది. అమెరికా తూర్పు తీరానికీ మనకూ తేడా ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. అక్కడ శనివారం అర్ధరాత్రి ఆఫీసులు ఖాళీగా ఉన్నప్పుడు పెట్టుకునే మార్పులు ఇక్కడ ఆదివారం పొద్దున పడతాయి. సరూర్‌నగర్‌లో ఇంట్లోవాళ్లు టిఫిను తింటుంటే ఆఫీసులో ఉన్నవాడు ఒహాయోలోని స్విచ్‌లో వీల్యాన్ మారుస్తుంటాడు. పక్కన ఫోన్‌లో బ్రిడ్జ్ కాల్, అందులో ముగ్గురు మేనేజర్లు. "ఇప్పుడు పింగ్ వస్తోందా?" అని అడిగేవాళ్లే గానీ ఎదుట పెట్టె చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఈ పనిలో అందరికీ భయం కలిగించే పొరపాటు ఒకటుంది. తాను వచ్చిన దారినే తాను మూసేయడం. దూరం నుంచి లోపలికి వచ్చి యాక్సెస్ లిస్ట్ రాస్తూ తన అడ్రసును అనుమతించడం మరిచి ఇంటర్‌ఫేస్‌కు తగిలిస్తే, ఎంటర్ కొట్టిన మరుక్షణం తెర బిగుసుకుపోతుంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే అక్షరాలా ఇదే. అప్పుడు అక్కడి ఊళ్లో ఎవరినో నిద్రలేపి, కన్సోల్ కేబుల్‌తో పంపించాలి. అనుభవజ్ఞులు ముందు రీలోడ్ ఇన్ 10 అని కొడతారు. పది నిమిషాల్లో నిన్ను నువ్వు మళ్లీ మొదలుపెట్టుకో అని రూటర్‌కు ఆజ్ఞ. మార్పు బాగుంటే రీలోడ్ క్యాన్సెల్. లైను తెగిపోతే చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, పది నిమిషాలకు రూటర్ పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. మధ్యలో అలవాటు కొద్దీ రైట్ కొట్టి దాచేసినవాడికి మాత్రం ఈ ఉపాయం అక్కరకు రాదు. జునిపర్ పరికరాల్లో ఇదే జాగ్రత్తను కమిట్ కన్‌ఫర్మ్‌డ్ అనే కమాండ్‌గా పెట్టారు. నిర్ణీత గడువులో మళ్లీ ఖాయం చేయకపోతే మార్పు దానంతటదే వెనక్కిపోతుంది.

కొమ్మ నరుక్కోవడం కుర్రాళ్ల వల్లే జరుగుతుందనుకోవడం పొరపాటు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ఇంజనీర్లు నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండ్ కంపెనీ వెన్నెముక లాంటి లైన్లన్నిటినీ దించేసింది. దాన్ని ఆపాల్సిన తనిఖీ ప్రోగ్రామ్‌లో లోపముంది. దూరం నుంచి వెళ్లే మామూలు దారి పోయింది, అత్యవసరానికి పెట్టుకున్న వేరు దారీ పోయింది. చివరికి మనుషులను డేటా సెంటర్లకు పంపారు. అక్కడి తలుపులు, తాళాలు, పెట్టెలు ఎవరూ సులువుగా తాకకూడదని కట్టినవి కాబట్టి లోపలికి వెళ్లడానికే సమయం పట్టింది. సుమారు ఆరు గంటలు ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూగబోయాయి. ఎదుట నిలబడ్డవాడిదే అసలు అధికారం అన్న రికవరీ పాఠపు సూత్రాన్నే అంత పెద్ద కంపెనీ తన మీద తాను రుజువు చేసుకుంది.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్‌కు మెట్రో నడిచింది. 2019 నవంబరు నాటికి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం దాకా వెళ్లే వీలు కలిగింది. తూర్పున పడుకుని పడమట పనిచేసే మనిషికి రెండు కొసలూ మొదటిసారి పట్టాల మీద కలిశాయి. రాత్రి షిఫ్టువాడికి దక్కింది సగమే. అతను ఇంటికి బయల్దేరే వేళకు మెట్రో ఇంకా తెరవరు, ఆఫీసు క్యాబే గతి. కోవిడ్ తర్వాత ఆ ప్రయాణం కూడా చాలామందికి తగ్గింది. వీపీఎన్ వేసుకుని చైతన్యపురి గది నుంచే ఎస్ఎస్‌హెచ్ చేస్తున్నారు. పరికరం ఎలాగూ దూరమే. ఆఫీసు కూడా దూరమైంది.

ఇటీవలి కాలంలో రూటర్లను ఒక్కొక్కటిగా టెర్మినల్‌లో తెరవడం తగ్గుతోంది. పైథాన్ స్క్రిప్టులు, ఆన్సిబుల్, కంట్రోలర్లు వందల పెట్టెలను ఒకేసారి మారుస్తున్నాయి. 2020 ఫిబ్రవరిలో మార్చిన సీసీఎన్ఏ పాఠ్యక్రమంలోకే ఆటోమేషన్ వచ్చేసింది. కానీ ఆ స్క్రిప్టుల్లో చాలా వాటి అడుగున నడిచేది ఎస్ఎస్‌హెచ్చే. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే, ఎక్స్‌జెడ్ అనే కుదింపు ప్రోగ్రామ్‌లో ఎవరో రెండేళ్లకు పైగా ఓపికపట్టి పెట్టిన దొంగదారి బయటపడింది. ఆ అర సెకనును పట్టించుకోకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఈలోగా మన విజయవాడ రోడ్డు కిందికీ స్తంభాల మీదికీ కూడా పరికరాలు వచ్చేశాయి. కేబుల్ ఆపరేటర్లు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టాక, ఫైబర్ ప్రతి సందులోకీ దూరింది. ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి బయల్దేరిన ఒకే ఫైబర్ స్ప్లిటర్ దగ్గర చీలి అరవై నాలుగు ఇళ్ల దాకా వెళ్తుంది. ఎల్‌బీ నగర్ చుట్టూ వరసగా కట్టిన అండర్‌పాస్‌లు, ఫ్లైఓవర్ల కాలంలో ఎక్కడ ఏ జేసీబీ ఏ ఫైబర్‌ను తెంపుతుందో చెప్పలేని పరిస్థితి. కస్టమర్ ఫోన్ చేసి "నెట్ రావట్లేదన్నా" అంటాడు. ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడు ముందు బండి తీయడు, ఓఎల్‌టీలోకి లాగిన్ అవుతాడు. కస్టమర్ ఇంట్లోని పెట్టె, కరెంటు పోతున్నప్పుడు, ఆరిపోయే ముందు మిగిలిన కాసింత శక్తితో చివరి సంకేతం ఒకటి పంపుతుంది. డైయింగ్ గ్యాస్ప్ అంటారు. తెర మీద అది కనిపిస్తే ఆ ఇంట్లో అడాప్టర్ ఊడిందో, వీధిలో కరెంటు పోయిందో అని అర్థం. ఆ సంకేతం లేకుండా వెలుతురు ఒక్కసారిగా ఆగిపోయి లాస్ అలారం పడితే ఫైబర్ తెగినట్టు. ఒక్క ఇంటికే పడితే ఆ ఇంటి తీగ. పోర్టు మీద ఉన్న ఇళ్లన్నిటికీ ఒకే సెకనులో పడితే స్ప్లిటర్‌కు ఇవతల మెయిన్ ఫైబర్. అప్పుడు ఓటీడీఆర్ అనే పరికరంతో కొలిస్తే తెగిన చోటు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. అక్కడికి స్ప్లైసింగ్ మిషన్ పట్టుకుని మనిషి వెళ్లాల్సిందే. అతుకు వేశాక ఫోన్ చేస్తాడు, "సిగ్నల్ ఎంత చూపిస్తోంది భయ్యా?" అని. అవతలివాడు టెర్మినల్‌లో చూసి డీబీఎంలో చెబుతాడు. మైనస్ 27 దాటి కిందికి ఉంటే అతుకు విప్పి మళ్లీ వేస్తారు.